ఒక్కపొద్దు నాటి గోలి

ఇప్పటికీ బస్సులో పక్కన కూర్చున్న మనిషి మోచేతి వంపు మీదికే నా చూపు పోతుంది. ఈమెకు నరం పైననే ఉంది, ఆమెకు వెతకాలి అనుకుంటాను. ఉద్యోగం అయిపోయింది గానీ వేళ్లకు ఆ సంగతి తెలియలేదు. తెల్లవారకముందే లేస్తాను, దీపం పెడతాను, ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచక వాకిట్లోకి, వంటింట్లోకి తిరుగుతుంటాను. ఈ వేళకు ల్యాబ్ ముందు బెంచీ మీద పరగడుపున వచ్చినవాళ్లు కూర్చొని ఉంటారు. వాళ్లను ఎవరు ఏం అడుగుతున్నారో, ఏం అడగడం లేదో అని మనసు ఒక చోట నిలవదు.

అందుకే ఇది రాస్తున్నాను, కొత్తగా ల్యాబ్ పనిలోకి వచ్చే పిల్లల కోసం. మెషీన్ ఎలా నడపాలో కంపెనీ మనిషి వచ్చి చెప్తాడు. నరం ఎలా పట్టాలో నాలుగు చేతులు చూస్తే వస్తుంది. నేను చెప్పాలనుకున్నది ఆ బెంచీ గురించి. అందులోనూ, పిల్లల కోసం ఎదురుచూస్తూ థైరాయిడ్ పరీక్షకు వచ్చే ఆడవాళ్ల గురించి. ఉద్యోగం చివరి ఏళ్లలో నేను ఎక్కువగా చూసింది వాళ్లనే.

అమ్మ చెప్పిన చదువు

మాది స్టేషన్ ఘన్‌పూర్. చిన్నప్పుడు జబ్బు చేసి నా ఎడమ కాలు సన్నబడింది. అంత దూరం నడవలేనని బడికి పంపలేదు. అమ్మే ఇంట్లో చదువు చెప్పింది. మా ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ వ్రతకథలవే. అక్షరాలు వాటిలోనే నేర్చుకున్నాను. ఏ కథ చూసినా ఒకటే దారి: ఎవరో ఒక నోము పడతారు, ఎక్కడో ఒక చిన్న పొరపాటు చేస్తారు, ఇల్లో సంసారమో బిడ్డో చెయ్యిజారిపోతుంది. మళ్లీ నోచుకుంటే తిరిగి వస్తుంది. తిరిగి వస్తుందని తెలిసి కూడా, ఆ పొరపాటు దగ్గరికి రాగానే నాకు గుండె దడ పుట్టేది. పేజీ తిప్పేదాన్ని కాదు. "తిప్పు బిడ్డా, ముందుకు పోతేనే గదా మంచి జరిగేది" అనేది అమ్మ. 

ఆ దడ నా ఉద్యోగంలో నాకు పనికొచ్చింది. చదివిన ల్యాబ్ కోర్సు కంటే ఎక్కువే పనికొచ్చిందంటే నమ్మండి.

పదో తరగతి ప్రైవేటుగా రాసి, కోర్సు చేసి, జనగామలో ఒక ల్యాబ్‌లో చేరాను. అక్కడినుంచి మానుకోటలో ఒక ఆసుపత్రి, చివరికి భూపాలపల్లిలో ఒక నర్సింగ్ హోం. ఇంట్లో చదువుకున్న పిల్లకు ఇంత మంది చెయ్యి చాపి "తియ్యి బిడ్డా" అని నమ్మడం దేవుడిచ్చిన వరమే. ఆ మాట రోజూ దీపం ముందు చెప్పుకుంటాను.

"కాగితం ఇయ్యి, నోరు మూసుకో"

జనగామలో నాకు పని నేర్పిన సారు మంచివాడు, కోపిష్టి. మొదటి రోజే చెప్పాడు: "రిపోర్టు చేతిలో పెట్టు, నోరు మూసుకో. మంచిగున్నదా అని అడుగుతరు. డాక్టర్‌ను అడగండి అను. ఏడ్చినా అదే మాట. కాళ్లు మొక్కినా అదే మాట."

అప్పుడు నాకు ఆ మాట రాతిలా తోచింది. మానుకోటకు పోయాక దాని విలువ తెలిసింది. 

అక్కడ ఒక తండా నుంచి భార్యాభర్తలు వచ్చేవాళ్లు. ఆమెకు తెలుగు అంతగా రాదు, అతనే మాట్లాడేవాడు. పిల్లల కోసం మందులు వాడుతూ థైరాయిడ్ గోలి కూడా వాడుతోంది. ఒకసారి ఆమె థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ అనే అంకె నాలుగు దాటి వచ్చింది. కాగితం మీద అచ్చువేసిన హద్దు లోపలే కాబట్టి పక్కన ఏ గుర్తూ పడలేదు. డాక్టర్ దగ్గరికి పోకుండా బయట ఎవరికో చూపిస్తే "నార్మలే" అన్నారట. నార్మల్ అయ్యాక గోలి ఎందుకని భర్త మాన్పించాడు. కొన్ని నెలలకు ఆమె మొహం ఉబ్బి, గొంతు బొంగురుపోయి వచ్చింది. ఈసారి అంకె ఇరవై దాటింది. 

అతను మెషీన్ మీద కోపానికొచ్చాడు. "అప్పుడు నార్మల్ అని మీరే ఇచ్చిన్రు గదా!"

ఇందులో రెండు సంగతులున్నాయి. మొదటిది: గోలి వేసుకుంటూ ఉంటే వచ్చిన నార్మల్ ఆ గోలి పుణ్యమే. గోలి మానేస్తే అదీ పోతుంది. రెండోది: కాగితం మీద అచ్చయిన హద్దు అందరికీ కలిపి వేసింది. గర్భం కోసం చూస్తూ థైరాయిడ్ గోలి వాడే ఆడమనిషికి డాక్టర్లు చూసే హద్దు వేరు. సాధారణంగా రెండున్నర లోపలికి తేవాలని చూస్తారు. ఎందుకంటే మొదటి నెలల్లో కడుపులో బిడ్డకు సొంత థైరాయిడ్ పనిచెయ్యదు, తల్లి నుంచి వచ్చిందే ఆధారం. అట్లాగని ఏ గోలీ వాడని పిల్లకు మూడు వచ్చిందని భయపెట్టకండి. ఫోన్‌లో చూసి ఏడ్చుకుంటూ వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు మందు కావాలా వద్దా అన్నది ఇంకో పరీక్ష చూసి, ముందు గర్భాలు ఏమైనా పోయాయా అని అడిగి, డాక్టర్ తేల్చాలి. 

కాబట్టి సారు మాట నిజమే. కానీ సగమే. మిగతా సగం నాకు భూపాలపల్లిలో తెలిసింది.

మేస్త్రీ అరుపు

అంతకు ముందు ఒక చిన్న మాట. ఎక్కువమంది "నాకు థైరాయిడ్ పెరిగింది" అంటారు. టీఎస్‌హెచ్ అంకె పెరిగితే థైరాయిడ్ పని తగ్గిందని అర్థం. ఇది ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కేది కాదు. చివరికి నాట్ల సంగతి చెప్పడం మొదలుపెట్టాను. పొలంలో నాట్లు వేసే కూలీలు మందంగా కదిలితే గట్టు మీద మేస్త్రీ అరుపు పెరుగుతుంది. చకచకా వేస్తుంటే అరుపు తగ్గుతుంది. టీఎస్‌హెచ్ అంటే ఆ మేస్త్రీ అరుపు. టీఫోర్ అంటే పడిన నాటు. అరుపు ఎక్కువుంటే పని తక్కువున్నట్టు. 

ఇంకో సంగతి: మేస్త్రీ కోపం వెంటనే దిగదు. వారం రోజులు కూలీలు ఎగ్గొట్టి ఒకరోజు బాగా వేస్తే, ఆ రోజు నాటు బాగానే కనిపిస్తుంది, మేస్త్రీ మాత్రం ఇంకా అరుస్తూనే ఉంటాడు. అందుకే గోలి డోసు మార్చాక దాదాపు ఆరు వారాలు ఆగి పరీక్ష చేస్తారు. 

ఈ మాట గుర్తుపెట్టుకోండి. రజిత కథంతా ఇందులోనే ఉంది.

రజిత

రజితది టేకుమట్ల దగ్గర ఊరు. భూపాలపల్లికి కోడలుగా వచ్చింది. భర్త శ్రీను బొగ్గు గనిలో కాంట్రాక్టు కింద బండి నడుపుతాడు. ఒకసారి గర్భం నిలిచి మూడో నెలలో పోయింది. థైరాయిడ్ అప్పుడే బయటపడింది. మా నర్సింగ్ హోం డాక్టరమ్మ ఉమ మేడమ్ గోలి రాసింది, అంకె దిగాక మళ్లీ గర్భం కోసం చూద్దామంది. 

ఆ అంకె దిగలేదు. ఎనిమిది వచ్చింది. మేడమ్ డోసు పెంచింది. తొమ్మిది వచ్చింది. మళ్లీ పెంచింది. మళ్లీ ఎనిమిది. టీఫోర్ మాత్రం ఎప్పుడు చూసినా బాగానే ఉండేది. శ్రీను ఇక హనుమకొండలో పిల్లల కోసం పెట్టిన పెద్ద సెంటర్‌కు తీసుకుపోతానన్నాడు. రజిత డాక్టరమ్మ ముందే అందట, "ఈసారి గూడ దిగకుంటే ఇగ నన్ను ఏ దవాఖానకు తీస్కపోవద్దు. నాతోని కాదు" అని.

మేడమ్ నన్ను పిలిచి కాగితాలు వరసగా పరిచింది. "మెషీన్‌లో ఏమన్నా తేడా ఉందా?" అని ముందు అడిగింది. రక్తం మళ్లీ వేసి చూశాను. వేరే ల్యాబ్‌కు కూడా పంపాం. తేడా లేదు. జుట్టు ఊడుతుందని వాడే విటమిన్ గోలీలు ఏమైనా ఉన్నాయా అని అడిగాం, అవి కొన్నిసార్లు అంకెల్ని తారుమారు చేస్తాయి. లేవంది. పాలతో వేసుకుంటున్నావా, టీతోనా? నీళ్లతోనే అంది.

"టీఫోర్ బాగుండి టీఎస్‌హెచ్ దిగకపోతే నాకు ఒకటే అనుమానం" అంది మేడమ్. "గోలీలు మధ్యలో ఎగ్గొడుతుంది. పరీక్ష ముందు కొన్ని రోజులు సక్కగ వేసుకొని వస్తుంది. నేను అడిగితే ఏడుస్తుంది. నువ్వు అడిగి చూడు."

నాకు ఆ పని ఇష్టం లేదు. సారు మాట చెవిలో ఉంది. అయినా తర్వాతి పరీక్షకు రజిత చెయ్యి చాపినప్పుడు అడిగాను.

"రోజూ వేసుకుంటున్నవా బిడ్డా?"

"రోజూ ఏసుకుంటున్న మేడం. ఒక్కనాడు గూడ తప్పలే. మీరు గూడ అదే అడుగుడేనా? అందరు నన్ను దొంగను జూసినట్టు జూస్తున్నరు."

కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అబద్ధం చెప్పే మనిషి మొహం కాదు అది. ఇంతమంది మొహాలు చూసినదాన్ని, ఆ మాత్రం తెలుస్తుంది. ఇక నేను అడగలేదు. రక్తం తీసి, దూది పెట్టి, చెయ్యి మడవమన్నాను. 

"బయట టీ తాగిపో. పరగడుపున వచ్చినవు, కళ్లు తిరుగుతయి."

"వద్దు మేడం. ఇయ్యాల శనారం, ఒక్కపొద్దు."

పొద్దంతా ఉపవాసముండి రాత్రి ఒక్క పూట తినడం మా వైపు ఒక్కపొద్దు. నాకు నవ్వొచ్చింది. "నాక్కూడా ఒక్కపొద్దే."

రజిత తలెత్తి చూసింది. అన్ని నెలల్లో ఆ పిల్ల నా మొహం సరిగ్గా చూసింది అప్పుడే. 

"మీరు గూడనా? పొద్దంత గింతమంది రక్తం తీసుకుంట?"

"తీసేది వాళ్ల రక్తం, నాది కాదు కదా."

నవ్వింది. "నేను సోమారం శివునికుంట, బేస్తారం సాయిబాబకుంట, శనారం ఎంకన్నకుంట. మాపటికి గుడికి పోయొచ్చి దీపం వెట్టేదాంక నోట్లె నీళ్లు గూడ పోసుకోను."

నా చేతిలో రక్తం సీసా ఉంది. దాని మీద పేరు రాస్తున్నదాన్ని ఆగిపోయాను.

"మరి ఆ రోజుల్లో గోలి?"

"ఒక్కపొద్దు నాడు గోలి ఎట్ల ఏసుకుంట మేడం?" అంది, అంత చిన్న సంగతి నాకు తెలియదా అన్నట్టు.

"రాత్రి తినేముందు వేసుకుంటవా?"

"అది పరగడుపు గోలి గదా. పొద్దుగాల లేవంగనే ఏసుకోవాలె అని ఉమ మేడమే చెప్పింది. పొద్దు దాటినంక ఏసుకుంటే పనిజెయ్యదట."

ఆ పిల్ల ఒక్కటి కూడా తప్పలేదు. మేడమ్ చెప్పింది అక్షరాలా చేసింది, దేవుడికి చెప్పుకున్నదీ అక్షరాలా చేసింది. ఆ రెండింటి మధ్య వారంలో మూడు గోలీలు, సోమ, గురు, శనివారాలవి, పడిపోతున్నాయి. ఒక్కపొద్దు రోజులు ఆమె లెక్కలో మందు రోజులే కావు, అందుకే "తప్పలేదు" అన్న మాట నిజం. మేం ఇంతమందిమి అడిగాం, ఆమె నిజమే చెప్పింది. 

కేక్ ముక్క

వెంటనే చెప్పబోయాను, గోలి వేసుకుంటే ఉపవాసం చెడదని. ఆమె నా మాట పూర్తికానివ్వలేదు. గొంతు తగ్గించి అంది:

"పోయినసారి కడుపు వచ్చింది గదా మేడం. అప్పుడు శనారం నాడు మా అక్క కొడుకు పుట్టినరోజు. మరిచిపోయి కేక్ ముక్క నోట్లె వెట్టుకున్న. యాదికచ్చి ఉమ్మేసిన గని, జర లోపలికి పోయింది. ఆ వారంలనే కడుపు పోయింది. ఎవ్వరికి జెప్పలే. మా ఆయనకు గూడ చెప్పలే."

నాకు చిన్నప్పటి దడ వచ్చింది. పేజీ తిప్పడానికి వేలు రాని ఆ దడ. 

ఈ చోటుకు వచ్చినప్పుడు మీరేం చెప్తారో నాకు తెలుసు. కేక్‌తో గర్భం పోదు అని చెప్తారు. నిజమే. మూడో నెలలో పోయే గర్భాలకు చాలా కారణాలుంటాయి, ఎక్కువసార్లు ఎవరి తప్పూ ఉండదు. కానీ ఆ నిజం అప్పుడు ఆ పిల్ల చెవికి ఎక్కదు. కేక్ ముక్క మింగినందుకు బిడ్డను పోగొట్టుకున్నానని నమ్మే మనిషిని గోలి మింగమని ఎలా ఒప్పిస్తారు? 

"మందు వ్రతానికి అడ్డం కాదని మా అమ్మ చెప్పేది" అన్నాను. "మంచినీళ్లు, మందు, వీటికి దేవుడు ఎప్పుడో సెలవిచ్చిండు అనేది."

"మీ అమ్మ చెప్తే మీకు నడుస్తది మేడం. మా ఇంట్ల మా అత్తమ్మ చెప్పాలె."

వాళ్ల అత్త బయట బెంచీ మీదే ఉంది. లచ్చవ్వ. నా ఈడుదే. ఆమెను నేను ఎప్పుడూ మూతి బిగించి కూర్చున్నదానిలాగే చూశాను. ఈ ఉపవాసాలన్నీ ఆమె పెట్టినవే అని లోపల్లోపల తీర్మానం చేసుకొని కూడా ఉన్నాను. రజితను అడిగాను, పిలవనా అని. భయపడుతూనే తలూపింది. 

"అక్కా, జర లోపలికి రా."

"ఏమైంది? ఏమన్న ఉన్నదా రక్తంల?"

"రక్తం ఇంకా మెషీన్‌లో పెట్టలేదు. నువ్వు ఒక్కపొద్దులు ఉంటవా?"

"ఉండకేం? నా పెండ్లి కాకముందు సంది ఉంటున్న. ఇయ్యాల గూడ ఉన్న. రక్తం తీసేటోళ్లు గియ్యన్ని అడుగుతరా?"

"నీకు ఏమన్నా గోలీలున్నయా?"

"బీపీది ఒకటి ఉన్నది."

"ఇయ్యాల వేసుకున్నవా?"

"ఏసుకోకుంటే ఎట్ల? తల తిరిగి గీడనే పడితే నువ్వు లేపుతవా?" అంది లచ్చవ్వ. కొంగు ముడి విప్పి గోలీల పట్టీ చూపించింది. 

రజిత చెయ్యి మడిచినది మడిచినట్టే లేచి నిలబడింది. "అత్తమ్మా! ఒక్కపొద్దు నాడా?"

"ఔ. అయితేంది? నాకు బీపీ ఉన్నదని ఎంకన్నకు తెల్వదా?"

"మరి నాకెందుకు జెప్పలే?"

"నువ్వు అడిగినవా? నేనే అనుకున్న, అబ్బ, నా కోడలు నా కంటె నిష్ఠగల్లది, పొద్దుమీకేదాంక మంచినీళ్లు గూడ ముట్టదని. వాడకట్టంత చెప్పుకుంట తిరుగుతున్న నేను."

నాకు నవ్వు ఆగలేదు. రజితకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లచ్చవ్వ మాత్రం ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, మెల్లగా బల్ల మీద కూర్చుంది. సంగతి అప్పుడు తలకెక్కింది.

"గా థైరాయిడ్ గోలి ఏసుకుంటలేవా బిడ్డా? ఎన్నొద్దుల సంది?"

రజిత చెప్పింది. కేక్ ముక్క గురించి కూడా చెప్పింది. లచ్చవ్వ కోడలి మోచెయ్యి మీద జారిపోతున్న దూదిని తన బొటనవేలితో ఒత్తి పట్టుకుంది.

"రేపటి సంది గోలి ముందు, దీపం తర్వాత."

"ఏమన్న అయితే అత్తమ్మా?"

"ఏమన్న అయితే నా మీదికి రానీ. దేవునికి నేను చెప్పుకుంట. నిన్ను అడగడు."

నేను ఎన్నో ఏళ్లుగా పూజలు చేస్తున్నాను. అట్లాంటి మొక్కు వినలేదు.

మిగతా సగం

ఇక్కడ మీరు జాగ్రత్తగా వినాలి. నేను రజితను "రేపటినుంచి రోజూ వేసుకో" అని పంపించేసి ఉంటే ఏమయ్యేది? సంగతి చెప్పగానే ఉమ మేడమ్ సంతోషపడలేదు, ఉలిక్కిపడింది. "ఆగమను. ఆమెను బయటికి పోనియ్యకు" అంది. రెండుసార్లు పెంచిన డోసు వారంలో నాలుగు రోజుల లెక్క మీద పెంచింది. అదే డోసు ఏడు రోజులూ వేసుకుంటే ఎక్కువైపోతుంది, గుండె దడ, చేతుల వణుకు మొదలవుతాయి. మేడమ్ డోసు తగ్గించి కొత్తగా రాసింది. 

అదీ సారు మాటలోని మిగతా సగం. చెప్పడానికి నోరు మూసుకోవాలి, అడగడానికి కాదు. అడిగి తెలుసుకున్నది డాక్టర్ చెవిన వెయ్యాలి. మందు సంగతి తేల్చేది ఆమె. 

అడగడం ఎలాగో కూడా చెప్తాను. "రోజూ వేసుకుంటున్నారా?" అని అడగకండి. దానికి జవాబు ఎప్పుడూ "ఆ" అనే వస్తుంది. నిన్న లేచినప్పటినుంచి ఏం చేశారో చెప్పమనండి. సోమవారం ఎలా గడుస్తుందో, ఒక్కపొద్దులు ఏవో అడగండి. రోజా ఉండేవాళ్లను వాళ్ల పద్ధతి అడగండి. పొద్దున కుదరనివాళ్లకు రాత్రి తిన్న చాలాసేపటికి వేసుకోమని మేడమ్ కొందరికి మార్చి ఇచ్చేది. దారి ఉంటుంది, అడిగితేనే దొరుకుతుంది. తీర్థంతో వేసుకుంటానన్న ఒకామెకు నేనే చెప్పాను: పంచామృతంలో పాలుంటాయి, పాలు ఈ మందుకు అడ్డం, మంచినీళ్లతో వేసుకొని తర్వాత తీర్థం తీసుకో అని. అదీ మేడమ్‌ను అడిగాకే.

పుట్టింటి నుంచి తోల్కచ్చుడు

ఆరు వారాల తర్వాత అంకె నాలుగు లోపలికి వచ్చింది. ఇంకోసారికి రెండు దగ్గరికి. అంతటితో అయిపోయిందనుకోకండి. నెల తర్వాత నెల గడిచింది, గర్భం రాలేదు. థైరాయిడ్ సరిచేస్తే ఒక అడ్డు తొలగుతుంది, అంతే. ప్రతిసారి రజిత తలుపు దగ్గర కనపడగానే ముందు ఆమె మొహమే చూసేదాన్ని. దేవుడి ముందు కూర్చున్నా ఆ అంకెలే కనపడేవి. 

చివరికి నిలిచింది. తెలిసిన రోజే రావాలని మేడమ్ ముందే చెప్పి పెట్టింది, గర్భం రాగానే మందు అవసరం పెరుగుతుంది కాబట్టి. వచ్చింది, డోసు పెంచారు, నాలుగు వారాలకు మళ్లీ రమ్మన్నారు. అంతలో పుట్టింటివాళ్లు విశ్రాంతికని తమ ఊరికి తీసుకుపోయారు. పరీక్ష రోజు రాలేదు. మరునాడూ రాలేదు. నా ఉద్యోగానికి అవే చివరి వారాలు. సన్మానం ఏ రోజు పెట్టుకుందామని ల్యాబ్ పిల్లలు అడుగుతుంటే నాకు ఒక్క మాట వినిపించలేదు. శ్రీను ఫోన్ ఎత్తడం లేదు. గోలి ఆపేశారా? మూడో నెల దగ్గరపడుతోంది. కుర్చీలో కూర్చోలేక వచ్చిన ప్రతి ఆటో చూడటానికి గేటు దాకా పోయి వచ్చేదాన్ని.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం లచ్చవ్వ కోడలిని రెక్క పట్టుకొని ఆటో దిగింది. చీర నలిగిపోయి ఉంది, గొంతు బొంగురుపోయింది.

"వాళ్లమ్మతోని లొల్లి వెట్టుకొని తోల్కచ్చిన. కడుపుతోని ఉన్నోళ్లు గోలీలు మింగితే బిడ్డకు వేడట! ఇనుపగోలి, సున్నపుగోలి, థైరాయిడ్‌ది అన్ని ఒక డబ్బల వోసి గూట్లె దాసిపెట్టింది."

"నేను దొంగతనంగ ఏసుకుంటున్న మేడం" అంది రజిత. "డబ్బలకెల్లి తీసి దిండు కింద వెట్టుకున్న. శనారం గూడ ఏసుకున్న."

"దొంగ బుద్ధులు నేర్పినవ్ నా కోడలికి" అని లచ్చవ్వ నన్ను తిట్టింది. 

ఆ రోజు అంకె బాగుంది. ఐరన్, కాల్షియం గోలీలు థైరాయిడ్ గోలితో కలిపి వేసుకోకూడదని, కనీసం నాలుగు గంటలు తేడా ఉండాలని మేడమ్ చెప్తే లచ్చవ్వ వేళ్లు మడిచి లెక్క పెట్టుకుంది. పొద్దున థైరాయిడ్‌ది, పగటీలి తిన్నంక ఇనుపది, రాత్రి సున్నపుది.

బెంచీ

బిడ్డ పుట్టే సరికి నేను ఉద్యోగం అయిపోయి జనగామకు వచ్చేశాను. ఆడపిల్ల. ఫోన్‌లో ఏడుపు వినిపించారు. పుట్టిన పిల్లలకు మడమ నుంచి చుక్క రక్తం తీసి థైరాయిడ్ పరీక్ష చేస్తారు, తల్లికి థైరాయిడ్ ఉన్నా లేకపోయినా చేయించడం మంచిది. ఆ రిపోర్టు చూపించే రోజు నన్ను రమ్మన్నారు. శనివారం. తెల్లవారకముందే భూపాలపల్లి బస్సెక్కాను.

లచ్చవ్వ, నేను బెంచీ మీద కూర్చున్నాం. రజిత బిడ్డను ఒళ్లో పెట్టుకొని పక్కన. అన్నేళ్లు ఆ తలుపు లోపలి వైపు ఉన్నాను, ఈ బెంచీ మీద ఎప్పుడూ కూర్చోలేదు. ఎంత ఇరుకు బెంచీ అది! ఎంత గట్టిది! తలుపు తీసినప్పుడల్లా అందరం ఒకేసారి లేచేవాళ్లం.

"నువ్వు లోపలికి పో. నీ పిల్లనే గదా అందులున్నది, అడుగు" అంది లచ్చవ్వ.

నా చోట్లో ఇప్పుడు మౌనిక ఉంది. పని నేర్పింది నేనే. నన్ను చూడగానే లేచి కాళ్లకు దండం పెట్టింది. కాగితం బల్ల మీద బోర్లా ఉంది.

"ఎట్లా వచ్చింది బిడ్డా?" అన్నాను.

మౌనిక తల వంచుకుంది. "మేడమ్ చెప్తారమ్మా."

"నాకు కూడా చెప్పవా?"

"మేడమ్ చెప్తారమ్మా" అంది మళ్లీ. కాగితం మీద చెయ్యి పెట్టింది. ఆ గొంతు నాదే, ఆ చెయ్యి పెట్టే తీరూ నాదే. 

బయటికి వచ్చి కూర్చున్నాను.

"ఏమన్నది?"

"చెప్పలే."

"మంచిగనే తయారు జేసినవ్" అంది లచ్చవ్వ మూతి తిప్పి. 

ఆ కాసేపట్లో నేను అమ్మ చెప్పిన కథలన్నీ తలుచుకున్నాను. పేజీ ముందుకు తిప్పలేని వేలు నాది. ఇన్నేళ్లు ఎంతమందిని ఇలా కూర్చోబెట్టానో! అయినా ఆ పిల్ల చేసింది సరైన పని, ఇప్పటికీ అదే అంటాను. మీరూ అదే చెయ్యండి. కానీ ఆ బెంచీ మీద ఒకసారి కూర్చొని చూసి, తర్వాత చెయ్యండి. 

మేడమ్ పిలిచింది. రజిత బిడ్డను ఎత్తుకొని లోపలికి పోయింది. తలుపు మూసుకుంది. లచ్చవ్వ నా చెయ్యి పట్టుకుంది, నరం దొరికే చోటే. 

తలుపు తెరుచుకుంది. రజిత తలూపింది. వెనకనుంచి మేడమ్ అంది, "బిడ్డకు అంతా బాగుంది. ఏ మందూ అక్కర్లేదు. తల్లి గోలి మాత్రం నేను చెప్పిన డోసులో నడవాలి."

"పొద్దున్నే ఏసుకున్న మేడం" అంది రజిత.

లచ్చవ్వ రెండు చేతులూ పైకెత్తి దండం పెట్టబోయి, సగంలో ఆగి, నడుము దగ్గర కొంగు తడుముకుంది. 

"ఓ దేవుడా. పరేషాన్ల నా గోలి మర్శిన."

కొంగు ముడి విప్పింది. నా సంచిలో నీళ్ల సీసా ఉంది. మూత తీసి ఇచ్చాను.